సీమ నీటికి జీవో చాలదు, చట్టం కావాలి

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అది 854కు పడిపోతే పోతిరెడ్డిపాడు తూముల నుంచి సుమారు ఏడు వేల క్యూసెక్కులే వస్తాయి. 841 కంటే దిగితే చుక్క రాదు. బానకచెర్ల దిగువన తెలుగుగంగ, శ్రీశైలం కుడిగట్టు కాలువ, గాలేరు–నగరి ఆయకట్టుల బతుకు ఈ అంకెల మీదే ఆధారపడి ఉంది. అవుకు రిజర్వాయరులోకి నీళ్లు వస్తాయా, కాలువ కింద వేసిన పైరుకు ఆఖరి తడి అందుతుందా అన్నది తేలేదీ అక్కడే. అయినా ఆ మట్టం ఎంత ఉండాలో చెప్పే అధికారం సీమకు లేదు. ఎడమగట్టున తెలంగాణ, కుడిగట్టున ఆంధ్రప్రదేశ్ పోటాపోటీగా కరెంటు తీస్తే ఎండేది రాయలసీమ పొలాలు. ఈ మట్టాన్నీ, సీమ ప్రాజెక్టుల వాటాలనూ ముఖ్యమంత్రుల మంచితనానికి వదిలేయకుండా చట్టబద్ధం చేయాలన్నది మా స్పష్టమైన అభిప్రాయం.

పెద్దల తగవులో ఈ నేల నలగడం కొత్త కాదు. 1792 శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను కడప సీమను నిజాముకు వదులుకున్నాడు. 1799లో టిప్పు కూలిపోయాక మైసూరు భూముల్లో నిజాముకు మరో వాటా దక్కింది. మరుసటి ఏడాది అక్టోబరులో ఆ రెండు వాటాలనూ నిజాము ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. తన దగ్గర ఉంచుకున్న కంపెనీ పటాలాల ఖర్చు కింద చెల్లించిన భూములవి. ఎనిమిదేళ్లలో కడప సీమ మూడు ప్రభుత్వాల కిందికి వెళ్లింది. ఏ ఒప్పందంలోనూ రైతును అడిగినవాడు లేడు.

అలా కంపెనీకి దక్కిన ఈ దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో తెచ్చిన సంస్కరణ చిన్నదేమీ కాదు. పాలెగాళ్ల బలం అణిచాడు. భూములు కొలిపించాడు. మధ్య దళారీ లేకుండా రైతు నుంచే నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీని నిలబెట్టాడు. సీమ పల్లెల్లో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. కానీ వేసిన శిస్తు రైతు మోయలేనిదని ఆయనకే తెలుసు. 1807లో దాన్ని నాలుగో వంతు తగ్గించమని పైకి రాశాడు. మద్రాసు ప్రభుత్వం వినలేదు. పైగా రైత్వారీనే పక్కనబెట్టి ఊళ్లను గుత్తకిచ్చింది. చివరికి 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా తిరిగొస్తే తప్ప ఆ తగ్గింపు అమలు కాలేదు. అప్పటికే పుష్కరం గడిచిపోయింది. రైతుకు దక్కాల్సిన ఊరట ఒక్క మనిషి మీద ఆధారపడితే ఎంత ఆలస్యమవుతుందో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

ఎవరినీ అడగకుండా పైనుంచి దిగిన ఉత్తర్వు ఎక్కడికి దారితీస్తుందో కోయిలకుంట్ల కళ్లారా చూసింది. ఊరి కాపలా కాసే కట్టుబడుల ఈనాం భూములను కంపెనీ లాక్కోవడం మొదలుపెట్టింది. పాలెగాళ్ల వంశంలో పుట్టి కంపెనీ ఇచ్చే కొద్దిపాటి తవర్జీ (భరణం) మీద బతుకుతున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనుక ఆ కట్టుబడులు నిలిచారు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఇక్కడే ఉరి తీసి, తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు. ఆ వీరుణ్ణి తలుచుకోవడం మన ధర్మం. ఆ తిరుగుబాటుకు మూలమైన అన్యాయాన్ని గుర్తించడం అంతకన్నా అవసరం. తరతరాల జీవనాధారాన్ని కలం పోటుతో తీసేశారు, అడ్డుకునేందుకు బాధితుల చేతిలో ఏ హక్కూ లేకపోయింది.

స్వాతంత్ర్యం రాబోతున్న కాలంలో సీమ పెద్దలు ఆ హక్కును ముందే రాయించుకోవాలని చూశారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక అదే. తుంగభద్ర, కృష్ణా, పెన్నా జలాల వాడకంలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం సీమకు ప్రాధాన్యం ఉంటుందని రాసుకున్నారు. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమలో ఉంటుందన్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది. మూడేళ్లకే అది హైదరాబాదుకు తరలిపోయింది. గుంటూరులోని హైకోర్టు కూడా హైదరాబాదుకే వెళ్లింది. సీమకు నీళ్లు తెస్తుందనుకున్న కృష్ణా–పెన్నారు పథకం అటకెక్కింది. నాగార్జునసాగర్ వచ్చింది. పెద్దమనుషులు మాట తప్పితే అడిగేందుకు ఆ ఒడంబడికకు చట్టబలం లేదు.

ఆ తర్వాత కథంతా జీవోలదే. 1996లో 69వ నంబరు జీవో శ్రీశైలం కనీస మట్టాన్ని 854 నుంచి 834 అడుగులకు దించింది. 2004లో 107వ నంబరు జీవో మళ్లీ 854కు తెచ్చింది. 2005లో పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 44 వేల క్యూసెక్కులకు పెంచుతూ మరో జీవో. 2020లో రాయలసీమ ఎత్తిపోతలకు ఇంకో జీవో. ఆ పనులు పర్యావరణ అనుమతి లేదన్న కారణంతో జాతీయ హరిత ట్రైబ్యునల్ దగ్గర ఆగిపోయాయి. ప్రభుత్వం మారితే మట్టం మారుతోంది.

2014 విభజన ఈ అనిశ్చితిని రెట్టింపు చేసింది. నిన్నటిదాకా ఒకే ప్రభుత్వం కింద ఉన్న జలాశయానికి ఇద్దరు యజమానులయ్యారు. శ్రీశైలం జలవిద్యుత్ ప్రాజెక్టని ఒకరి వాదన, సాగునీరే ముఖ్యమని మరొకరి వాదన. 2021లో డ్యాముల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులు మోహరించారు. అదే ఏడాది జులైలో కేంద్రం గెజిట్ ఇచ్చి ప్రాజెక్టులను కృష్ణా నదీ యాజమాన్య బోర్డు పరిధిలోకి తెచ్చింది. అయినా ప్రాజెక్టులు పూర్తిగా బోర్డు చేతికి రాలేదు. విభజనప్పుడు ఇచ్చిన, వెనుకబడిన జిల్లాలకు ప్రత్యేక ప్యాకేజీ అన్న మాట కూడా జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున ఇచ్చి సరిపెట్టేదాకా వచ్చింది.

ముఖ్యమంత్రుల్లో ఎక్కువమంది మీ సీమవారే కదా అని కొందరంటారు. నిజమే. నీలం సంజీవరెడ్డి మొదలు నేటిదాకా సీమ బిడ్డలే ఎక్కువ కాలం ఏలారు. మట్టాన్ని దించిన జీవో, పెంచిన జీవో కూడా సీమలో పుట్టిన ముఖ్యమంత్రుల హయాంలోనే వచ్చాయి. చట్టం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? ఇది తెలంగాణకు వ్యతిరేకమైన కోరిక అనడమూ తప్పే. పాలమూరు మెట్ట రైతు దాహం, కోయిలకుంట్ల మెట్ట రైతు దాహం ఒకటే. జలాశయాన్ని ఖాళీ చేసి సముద్రం వైపు నీళ్లు పారిస్తే ఇద్దరికీ నష్టమే.

అందుకే నాలుగు పనులు జరగాలి. శ్రీశైలంలో 854 అడుగుల కనీస మట్టాన్ని కృష్ణా బోర్డు నిర్వహణ నియమావళిలో చేర్చాలి; తాగునీరు, సాగునీరు తీరాకే కరెంటు అన్న నియమం రెండు రాష్ట్రాలకూ సమానంగా వర్తించాలి. తెలుగుగంగకు 29, గాలేరు–నగరికి 38, హంద్రీ–నీవాకు 40 టీఎంసీలని కాగితం మీద ఉన్నవన్నీ మిగులు జలాల లెక్కలే. విభజన చట్టం 11వ షెడ్యూలులో ఆ ప్రాజెక్టుల పేర్లున్నాయి కాబట్టి, కృష్ణా జలాల పంపకం చూస్తున్న బ్రిజేష్‌కుమార్ ట్రైబ్యునల్ ముందు రాష్ట్ర ప్రభుత్వం సీమ వాటాను విడిగా, అంకెలతో వాదించాలి. శ్రీబాగ్ మాట ప్రకారం కర్నూలులో హైకోర్టు బెంచ్ కొలువుదీరాలి, కృష్ణా బోర్డు కార్యాలయం అక్కడే ఉండాలి. 1997 సాగునీటి యాజమాన్య చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలకు గడువు తప్పకుండా ఎన్నికలు జరిపి, కాలువ చివరి భూముల రైతుకు అందులో గొంతు ఇవ్వాలి.

ఇవేవీ దయాధర్మంగా అడుగుతున్నవి కావు. సీమ ఎమ్మెల్యేలు పార్టీల గోడలు దాటి, వచ్చే శాసనసభ సమావేశాల్లోనే ఈ నాలుగింటిపై తీర్మానం పెట్టాలి, ఎంపీలు దాన్ని పార్లమెంటు దాకా తీసుకెళ్లాలి. ఆ పని చేయని ప్రతినిధి ఓటు అడగడానికి ఊళ్లోకి వచ్చినప్పుడు, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ప్రతి రైతూ ముందు ఈ లెక్కే అడగాలి.