అమ్మొద్దు, ముట్టొద్దు

పాత ఇళ్ల మీద తెలుగులో కార్చినన్ని కన్నీళ్లు ఇంకే ఆస్తి మీదా కార్చి ఉండరు. మండువా, చూరు నీళ్లు, తులసికోట, నాయనమ్మ వాలుకుర్చీ. ఎన్ని కథలు, ఎన్ని కవితలు, ఇప్పుడు ఎన్ని రీల్స్! వాటిల్లో బాత్రూం ఎక్కడుందో ఎవరైనా చెప్పారా? మా ఇంట్లో అది పెరటి చివర ఉంది. మధ్యలో నాలుగు మెట్లు. వానాకాలం వాటి మీద నాచు. మా అమ్మకి 71 ఏళ్లు, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. రాత్రిపూట లేవాల్సి వస్తుందని సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు తాగదు.

రాజమండ్రిలో నాన్న తన జీతంతో కొన్న పెంకుటిల్లు అది. అమ్మ అడిగేది చాలా మామూలు సంగతి. వెనక గదిలో ఒక బాత్రూం కట్టించండి, లేకపోతే ఇల్లు అమ్మేసి లిఫ్టున్న చోట ఫ్లాట్ తీసుకుందాం. ఏదైనా పర్లేదంటుంది. మా అన్నయ్యలకి మాత్రం రెండూ పనికిరావు. అమ్మడమేంటే, మన బాల్యమంతా అక్కడుంటే, అంటాడు డాలస్‌లో ఉన్న పెద్దన్నయ్య. గోడ కొడితే ఇంటి అందం పోతుందని బెంగుళూరులో ఉన్న చిన్నన్నయ్య.

నాన్న వీలునామా రాయలేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం భార్యకీ, పిల్లలకీ తలా ఒక వాటా ఇస్తుంది. ఇరవైనాలుగ్గంటలూ ఆ ఇంట్లో మెసిలే మనిషికి నాలుగో వంతు, మూడేళ్లకోసారి పది రోజులకొచ్చే కొడుక్కీ నాలుగో వంతే. చట్టాన్ని తిట్టను, నా వాటా కూడా అదే ఇచ్చింది. కానీ ఇల్లు మొత్తం అమ్మాలంటే నలుగురి సంతకాలూ కావాలి. కోర్టుకెళ్లి పంపకం అడగొచ్చు. ఆ వాయిదాల మెట్లెక్కే మోకాళ్లెవరివి?

ఇక "ఉన్నదున్నట్టు ఉంచుదాం" అనే మాట. పెంకుటిల్లు ఉంచితే ఉండిపోయే వస్తువు కాదండీ. కోతులు గెంతితే పెంకులు జరుగుతాయి. జరిగిన చోట వాన వాసం మీద పడుతుంది. తడిసిన వాసానికి చెద పడుతుంది. ఏటా తొలకరికి ముందే మనిషిని ఎక్కించి పెంకు సర్దించాలి, ఆ పని తెలిసినవాళ్లు దొరకడమే గగనం. గోడలు సున్నపువి. వాటికి సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి లేక పూత ఉబ్బి, పెచ్చులూడుతుంది. ముందుగది గోడకి సరిగ్గా అదే జరిగింది. చిన్నన్నయ్య ఫోన్లో మేస్త్రీకి పురమాయించి చేయించిన పని. అప్పుడు అందం గుర్తు రాలేదు కాబోలు.

కొన్నవాడు కూల్చేసి అయిదంతస్తులు లేపుతాడని నాకూ తెలుసు. టేకు దూలాలూ, ద్వారబంధాలూ ఏ హైదరాబాద్ కేఫ్‌లోనో తేలతాయి. ఊళ్లో అలాంటి ఇళ్లు ఒక్కొక్కటీ పోతుంటే నాకూ ప్రాణం ఉసూరుమంటుంది. అయితే ఊరి అందాన్ని కాపాడే డ్యూటీ 71 ఏళ్ల ముసలమ్మకి ఎవరు వేశారు? నాకు తోచిన న్యాయం ఒక్కటే: అమ్మొద్దన్నవాడు కొనాలి. గజం రేటు కట్టి మిగతా ముగ్గురి వాటాలూ తీసుకుని, ఆ బాల్యాన్ని సొంతానికి ఉంచుకోమనండి. అది కుదరదంటే కప్పు ఖర్చులో వాటా పంపాలి, ఏటా. అదీ కుదరకపోతే కాన్సులేట్‌కి వెళ్లి పవరాఫ్ అటార్నీ రాసి పంపాలి.

నాకు డబ్బు మీద ఆశని వదిన అన్నదట. ఉంది. ఎందుకుండకూడదు? ఇంటి మీద వాళ్లకుండే ఆశ పేరు ప్రేమా, నాకుండే ఆశ పేరు కక్కుర్తా?

మేస్త్రీ వేసిన లెక్క కిందటి వారం ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. వెనక గదిలో బాత్రూం, కమోడ్, పట్టుకోడానికి గోడకి స్టీలు రాడ్లు, అన్నీ కలిపి 2 లక్షల 80 వేలు. జవాబుగా పెద్దన్నయ్య ఒక పాత ఫొటో పెట్టాడు, మండువాలో వానలో తడుస్తున్న మేం ముగ్గురం. దాని కింద అందరూ గుండె బొమ్మలు. లెక్క గురించి ఒక్కళ్లూ మాట్లాడలేదు.

కార్తీకమాసం అయ్యాక ఖాళీ అన్నాడు మేస్త్రీ. అడ్వాన్స్ ఇచ్చేశాను. ఆ గోడ కొట్టడానికి రిజిస్ట్రారాఫీసుకి వెళ్లక్కర్లేదు.