దొంగ చేతికి తాళాలు!
చట్టం తలుపు మూసినా తెరిచే ఉన్న దొడ్డిదారి
ఆన్‌లైన్ పందేలు మానేందుకు ఇంటి కట్టడే శరణ్యం

హసన్‌పర్తి: ఒకప్పుడు పేకాట చెరువు గట్ల చాటునో, మామిడి తోటల్లోనో సాగేది. పోలీసులు దాడి చేస్తే ఊరంతా తెలిసేది. ఇప్పుడు అదే ఆట సెల్‌ఫోన్‌లోకి చేరింది. పక్క మంచంపై పడుకున్న తండ్రికి సైతం కుమారుడు ఎంత పోగొట్టుకున్నాడో తెలియని పరిస్థితి. ఎర్రగట్టుగుట్ట, అనంతసాగర్‌లలోని కళాశాలలకు దూర ప్రాంతాల నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థులున్న ఈ మండలంలో ఇది ఉపేక్షించదగిన విషయం కాదు.

చట్టాలు ఏమంటున్నాయి?
రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1968లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కేసులోనే సుప్రీంకోర్టు పేర్కొంది. ఆన్‌లైన్ సంస్థలు ఆ తీర్పునే అండగా చూపుతూ వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని సైతం నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఇదే బాట పట్టింది. అయినా ఫోన్‌లో తప్పుడు లొకేషన్ చూపి ఆడినవారున్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, రూ.కోటి వరకు జరిమానా నిర్దేశించింది. ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా ఉంటాయి. ఆ చట్టంలో ఆడినవారికి మాత్రం శిక్ష లేదు.

అక్కడలా.. ఇక్కడిలా..
బ్రిటన్‌లో వ్యసనపరుడు తనను తానే ఆటకు దూరం చేసుకునే వీలుంది. ‘గామ్‌స్టాప్’లో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే లైసెన్సు గల ఆన్‌లైన్ సంస్థలన్నీ అతణ్ని అడ్డుకోవాలి. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు.. ఎంచుకున్న గడువు ముగిసేవరకు మనసు మారినా రద్దు కుదరదు. స్థిమితంగా ఉన్న వేళ తీసుకున్న నిర్ణయం ఆవేశపు వేళ కాపాడుతుందన్నదే ఇందులోని కిటుకు. అయితే అది లైసెన్సు ఉన్నవారికే వర్తిస్తుంది. ఎక్కడో విదేశాల్లో ఉండి చాటుగా నడిపే సైట్లను ‘నా ఖాతా మూసేయండి’ అని వేడుకోవడం దొంగ చేతికి తాళాలివ్వడమే.

డబ్బు దారి మూయాలి
యాప్ తొలగిస్తే చాలదు, మళ్లీ వేసుకోవడం నిమిషం పని. అందుకే ముందుగా డబ్బు దారిని కట్టడి చేయాలి. యూపీఐ రోజువారీ పరిమితిని తగ్గించుకోవాలి. జీతం, పంట డబ్బులు కొంతకాలం ఇంట్లో మరొకరి ఖాతాలో ఉంచడం మేలు. అప్పులన్నీ కాగితంపై రాసి కుటుంబం ముందు పెట్టాలి. డబ్బు పెత్తనం చేతులు మారకుండా ఇంటివారు అప్పు తీరిస్తే అది మరో పందేనికి పెట్టుబడి అవుతుంది. ‘పోయింది రాబట్టుకుని మానేస్తా’ అనే మాటే అసలు ఉచ్చు. మానిన తొలి రోజుల్లో చిరాకు, నిద్రలేమి ఉండవచ్చు. ఆ సమయంలో ఒంటరిగా వదలరాదు.

సాయం కోరవచ్చు
మానసిక సలహాలకు ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పోయిన సొమ్ము ఇప్పిస్తామంటూ మళ్లీ మోసగిస్తే 1930కు ఫిర్యాదు చేయాలి.

చట్టం దుకాణాన్ని మూయగలదు గానీ జేబులోని ఫోన్‌కు కాపలా ఉండలేదు. ఆ కాపలా బాధ్యత ఇల్లు, కళాశాల కలిసి పంచుకోవాల్సిందే. తిట్లకు, పరువుకు భయపడి దాచిన అప్పు పెరుగుతూనే ఉంటుంది. చెప్పుకున్న రోజే తగ్గడం మొదలవుతుంది.