మన మాట – మంచి మాట
ముఖం చూడని తగవులు



మన పిల్లలు చాలామంది కంప్యూటర్ ఉద్యోగాల్లో ఉన్నారు కదా! వారిలో కొందరు ఆఫీసు పని అయ్యాక మరో పని కూడా పెట్టుకుంటారు. దేశదేశాల వాళ్లతో కలిసి ప్రోగ్రాములు రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని లోకానికి ఇచ్చేస్తారు. దీనికే ‘ఓపెన్ సోర్స్’ అని పేరు. మా మేనల్లుడికీ ఈ సరదా ఉంది.

ఇందులో చాలామందికి జీతం ఉండదు గాని, తగవులకు కొదవ లేదు. ఒకరి ముఖం ఒకరు చూడరు, అంతా రాతలోనే. ‘ఇది పనికిరాదు’ అని ఎదురుగా కూర్చుని అంటే గొంతులోని చనువు తెలుస్తుంది. అదే ముక్క అర్ధరాత్రి తెర మీద చదివితే ముల్లులా గుచ్చుకుంటుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. రాత జారితే మరీ కష్టం. పదేళ్లయినా అది అక్కడే ఉంటుంది.

‘పైథాన్’ అనే కంప్యూటర్ భాష సంగతి చూడండి. నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1989 చివర్లో దీన్ని మొదలుపెట్టారు. పెద్దదిక్కుగా చివరి మాట ఆయనదే. 2018లో ఒక చిన్న గుర్తు, రెండు చుక్కలూ ఒక సమానం గుర్తూ, భాషలో చేర్చాలా వద్దా అని పెద్ద వాదన రేగింది. ఆయన చేర్చాలనే తీర్పు ఇచ్చారు గాని, విసిగిపోయి ఆ జులైలో పెద్దరికం వదులుకున్నారు. వారసుణ్ణి కూడా చెప్పలేదు.

మిగిలినవాళ్లు చెల్లాచెదురు కాలేదు. ఇకమీదట తీర్పు ఎవరు చెప్పాలన్న సంగతి ముందు తేల్చుకున్నారు. ఏడు పద్ధతులు ముందుకు వస్తే ఓటు వేసి ఒకటి ఎంచుకున్నారు. 2019లో ఐదుగురి మండలి ఏర్పడింది. ఒకే సంస్థ ఉద్యోగులు అందులో ఇద్దరికి మించకూడదని నియమం. ఆ మొదటి ఐదుగురిలో గీడో కూడా ఒకరు! తగవు తెచ్చిన ఆ గుర్తు అదే ఏడాది అక్టోబరులో భాషలో చేరింది.

ఈ కథలో నాకు నచ్చింది ఇదే: ఎవరు గెలిచారన్నది కాదు, అలిగి వెళ్లిన మనిషి తిరిగి వచ్చి కూర్చోడానికి పీట మిగిలింది.

మొన్నామధ్య మా మేనల్లుడు ఎవరి మీదో మండిపడుతూ జవాబు రాస్తున్నాడు. “ఏదీ, నాకు పైకి చదివి వినిపించరా” అన్నాను. రెండో వాక్యం దగ్గర వాడే ఆగాడు. “మనిషిని తిట్టినట్టుంది మామయ్యా, ప్రోగ్రాములో తప్పు మాత్రం చెప్తాను” అని మళ్లీ రాశాడు.

మన సంఘాల్లోనూ ఉగాది పండుగ కార్యక్రమం దగ్గర మాటామాటా పెరిగి, ముఖాలు తిప్పుకున్న ఇళ్లు లేవా? ఊరు కాని ఊళ్లో మనం ఉన్నదే పదిమందిమి. తీర్పు ఎవరు చెప్పాలో తగవు రాకముందే అనుకుందాం. కోపంతో రాసింది పంపేముందు ఇంట్లో ఒకరికి చదివి వినిపిద్దాం. అలిగిన వారి పీట మాత్రం తీసేయవద్దు.