దుర్గి ఉలికి పని కావాలి

మాచర్ల సమీపంలోని దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. దుర్గి పేరు పెట్టి మరోచోటి సరుకు అమ్మరాదని దీని అర్థం. పల్నాడుకు ఇది గర్వకారణమే. కాని పేరు వచ్చినంత మాత్రాన పొయ్యి వెలగదు. ఉలి పట్టిన యువకునికి ఏడాది పొడవునా పని ఉండాలి.

ఈ విద్య మనకు కొత్త కాదు. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకులు విజయపురి నుండి ఏలిన కాలంలో పల్నాటి సున్నపురాతిపై బుద్ధుని కథలు చెక్కారు. లోయ సాగర్ నీటిలో మునగక ముందు, 1954-60 మధ్య భారీ ఎత్తున తవ్వకాలు జరిగాయి. లోయలో బయటపడిన శిల్పాలు నాగార్జునకొండ మ్యూజియంలో నేటికీ ఉన్నాయి.

శిల్పవిద్య నాలుగు నెలల్లో అబ్బేది కాదు. గీత, కొలత, రాతి గుణం, ఉలి దెబ్బ ఒక్కొక్కటిగా గురువు దగ్గర నేర్వాలి. అన్నేళ్లు సంపాదన లేకుండా కొడుకును కూర్చోబెట్టడం కూలి కుటుంబానికి సాధ్యమా? బిడ్డను వేరే పనికి పంపితే ఆ తల్లిదండ్రులను తప్పు పట్టలేము.

అందుచేత నేర్చుకునేవారికి ప్రభుత్వం తగినంత ఉపకార వేతనం ఇవ్వాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పనివారికి ఏటా వైద్య పరీక్షలు జరిపించాలి.

గ్రామాల బాధ్యత కూడా ఉంది. ఊరిలో గుడి కట్టినా, కూడలిలో విగ్రహం నిలిపినా ముందు దుర్గిలో అడగాలి. ధర కుదరకపోతే వేరే మాట. అసలు అడగకుండానే దూరప్రాంతాలకు బయానా పంపడం న్యాయం కాదు. పంచాయతీలు, ఆలయ కమిటీలు ఈ విషయమై శ్రద్ధ వహించడం అవసరం.