ఊహించినవాళ్లంతా చేస్తారా?

ఎక్కడైనా ఘోరమైన అత్యాచారం జరిగిందంటే మన టీవీల్లో వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: నిందితుడి ఫోన్‌లో ఏం దొరికింది? 2018లో డెహ్రాడూన్ స్కూల్ కేసు తర్వాత ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో కేంద్రం 827 పోర్న్ సైట్లను బ్లాక్ చేయమంది. చూడటం ఆగితే ఊహించడం ఆగుతుంది, ఊహించడం ఆగితే చేయడం ఆగుతుంది అన్నది దీని వెనకున్న లెక్క. వినడానికి బాగానే ఉంది. కానీ తలలో హింసతో కూడిన లైంగిక ఊహలు తిరిగే మనిషి రేపు నిజంగానే అలా చేస్తాడా?

నేను రోజూ డేటాతో పనిచేసేవాణ్ని. అందుకని ముందు చూసేది, లెక్క ఎటువైపు నుంచి మొదలుపెట్టారు అని. 1983లో బ్రిటన్‌లో మెక్‌కలక్ అనే సైకియాట్రిస్టు, ఆయన సహచరులు స్పెషల్ హాస్పిటల్‌లో ఉన్న 16 మంది మగ నేరస్తులను పరిశీలించారు. 13 మందిలో నేరానికి వెనక శాడిస్టు ఊహలు కనిపించాయి. ఇక్కడితో ఆపేస్తే భయమేస్తుంది.

ఇప్పుడు రెండో వైపు నుంచి చూద్దాం. 2015లో కెనడాలోని క్యూబెక్‌లో 1,516 మంది మామూలు జనాన్ని వాళ్ల ఊహల గురించి అడిగారు. సెక్స్‌లో ఎదుటివాళ్ల మీద పెత్తనం చేస్తున్నట్టు ఊహించుకున్నామని మగవాళ్లలో దాదాపు 60 శాతం, ఆడవాళ్లలో దాదాపు 47 శాతం చెప్పారు. 1993లో అమెరికా కాలేజీ స్టూడెంట్ల మీద చేసిన ఇంకో సర్వేలో, ఎవరినైనా చంపుతున్నట్టు ఒక్కసారైనా ఊహించుకున్నామన్నవాళ్లు మగవాళ్లలో 73 శాతం, ఆడవాళ్లలో 66 శాతం. వీళ్లంతా హంతకులైతే అక్కడ కాలేజీలే మిగలవు కదా! యాక్సిడెంట్ చేసిన ప్రతివాడి దగ్గరా బండి ఉంటుంది. బండి ఉన్న ప్రతివాడూ యాక్సిడెంట్ చేయడు. అంతే తేడా.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. తమను ఎవరో బలవంతం చేస్తున్నట్టు ఊహించుకునే ఆడవాళ్లూ ఉన్నారని పరిశోధనలు చెబుతున్నాయి. ఇది విని "చూశారా, వాళ్లకీ ఇష్టమే" అనే ప్రబుద్ధులు మన వాట్సాప్ గ్రూపుల్లో తక్కువేం లేరు. ఊహలో కథ, మనిషి, ఎక్కడ ఆపాలన్నది అన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. అత్యాచారంలో ఆవిడ చేతిలో ఏదీ ఉండదు. రెండింటికీ పోలికే లేదు.

అయితే ఊహలన్నీ నిరపాయమేనా? అలా అనడం కూడా తప్పే. అమెరికాలో నీల్ మలముత్ అనే ప్రొఫెసర్ దశాబ్దాలుగా దీని మీదే పనిచేశారు. ఆడవాళ్లంటే ముందే కసి, చులకన ఉన్న మగవాళ్ల విషయంలో హింసాత్మక పోర్న్ అగ్నికి ఆజ్యం పోస్తుందని ఆయన తేల్చారు. ఆ కసి లేనివాళ్లలో అంత ప్రభావం కనబడలేదు. మెక్‌కలక్ కూడా ఒక ముఖ్యమైన విషయం గమనించారు. ఆయన చూసినవాళ్లలో చాలామంది ఊహ దగ్గరే ఆగలేదు. ముందు చిన్న చిన్న రిహార్సల్స్ వేశారు. ఆడవాళ్ల వెంట నడవడం లాంటివి. అసలు ప్రమాదం మొదలయ్యేది ఆ అడుగు దగ్గరే.

న్యూయార్క్ పోలీసు గిల్బెర్టో వాలీ కేసు చూడండి. ఆడవాళ్లను కిడ్నాప్ చేసి, వండుకుని తినడం గురించి ఇతను రాత్రుళ్లు ఆన్‌లైన్‌లో ఛాటింగ్ చేసేవాడు. ఆ జాబితాలో సొంత భార్య కూడా ఉంది. ఆవిడే కనిపెట్టి చెప్పింది. 2012లో అరెస్టు, 2013లో కిడ్నాప్ కుట్ర నేరం కింద జ్యూరీ దోషి అంది. 2014లో జడ్జి ఆ తీర్పు కొట్టేశారు. ఛాట్‌లో కిడ్నాప్‌కి అనుకున్న తేదీలు వచ్చాయి, పోయాయి, ఏమీ జరగలేదు. ఇది ఊహే తప్ప కుట్ర కాదన్నారు. 2015లో అప్పీల్ కోర్టు కూడా 2-1 తేడాతో సరేనంది.

ఆ తీర్పు సరైనదనే నా అభిప్రాయం. ఆలోచనకి జైలు వేయడం మొదలుపెడితే బయట మిగిలేదెవరు? కానీ ఆ కేసులో నన్ను కలవరపెట్టింది ఇంకోటి. తనకు తెలిసిన ఒక ఆవిడ వివరాలు అతను పోలీసు డేటాబేస్‌లో వెతికాడు. ఛాట్‌లో ఉన్నది బొమ్మ. డేటాబేస్‌లో ఉన్నది మనిషి.

మనం ఈ తేడా గమనించం. నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఒకడు రెండేళ్లు సంబంధాలు వద్దని ఇంట్లో గొడవపడ్డాడు. "నాకొచ్చే ఆలోచనలు తెలిస్తే ఏ అమ్మాయీ నా పక్కన నిలబడదురా" అన్నాడు ఒకరోజు టీకొట్టు దగ్గర. చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగింది: "ఆ ఆలోచన వస్తే నీకు సుఖంగా ఉంటుందా, భయంగా ఉంటుందా?" వాడికి భయం, అసహ్యం. అది ఓసీడీ అని, ఆ ఆలోచనలు రావడమే జబ్బు తప్ప వాడు చెడ్డవాడు కాదని చెప్పారు. రెండేళ్లు వాడు తనని తానే నేరస్తుణ్ని చేసుకుని బతికాడు.

అదే సమయంలో మా పాత ఆఫీసులో ఒకాయన, వద్దని చెప్పిన అమ్మాయికి రోజూ మెసేజ్‌లు పెట్టేవాడు, క్యాబ్ ఎక్కేదాకా వెంట వెళ్లేవాడు. "పాపం, లవ్‌లో ఉన్నాడు" అని అందరూ నవ్వేవాళ్లు. ఆయన తలలో ఏముందో ఎవరికీ తెలీదు. తెలియక్కర్లేదు కూడా. వద్దన్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో ఏటా 90 శాతానికి పైగా అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. అంటే ఈ అడుగులు చాలావరకు మన కళ్లముందే పడుతున్నాయి.

కాబట్టి ఆలోచనలు వేధిస్తున్నా, వాటివైపు ఒక అడుగు వేయాలనిపిస్తున్నా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇక ఆఫీసులో ఎవరైనా ఒక అమ్మాయి వెంటపడుతుంటే, అతని ఫోన్‌లో ఏముందా అని ఆలోచించకండి. ఆ అమ్మాయి పక్కన నిలబడి, ఆ రోజే హెచ్‌ఆర్‌కి చెప్పండి.