‘ఆ జబ్బు’ పేరు పలకడానికి భయమెందుకు?

మన ఇళ్ళల్లో క్యాన్సర్‌ను క్యాన్సర్ అనరు. ‘మూజీ మర్జ్’ అంటారు, లేదా గొంతు తగ్గించి ‘ఆ జబ్బు’ అంటారు. పేరు పలికితే గడప దాటి లోపలికి వస్తుందని భయం కాబోలు. పేరే చెప్పని జబ్బుకు దారి ఎవరిని అడగాలి?

చిలకలగూడలో మాకు వరసకు ఖాలా అయ్యే ఒకావిడ రొమ్ములో గడ్డను ఎనిమిది నెలలు దాచుకుంది. కూతురికి సంబంధం కుదిరే సమయమది. తెలిస్తే మగపెళ్ళివారు వెనక్కి పోతారనుకుంది. మేము పరామర్శకు వెళ్ళేసరికి గడ్డ పుండయింది. ఇంటినిండా జనం. దువా చేసేవారున్నారు, జమ్‌జమ్ నీళ్ళు తెచ్చినవారున్నారు, ఫలానా ఊళ్ళో పసరుమందు ఇస్తారని చెప్పినవారూ ఉన్నారు. ఏ ఆసుపత్రికి, ఏ కాగితాలతో వెళ్ళాలో చెప్పినవారు ఒక్కరూ లేరు. నలుగురికి చదువు చెప్పే మాకూ ఆ రోజు తెలియదు. సిగ్గుపడ్డాం.

తరువాత తిరిగి తెలుసుకున్నాం. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. సికింద్రాబాద్ నుంచి బస్సులో వెళ్ళి లక్డీకాపూల్‌లో దిగితే నడిచేంత దూరం. 1955 నాటి ఆ ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉంది. ఆయన 1960లో గుజరాత్ తొలి గవర్నర్ అయ్యారు. ఆ మూడక్షరాల వెనుక ఎవరున్నారో మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు! ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు ముందే సంచిలో పెట్టుకుంటే కొంత తిరుగుడు తప్పుతుంది.

అసలు బాధ ఆ తరువాత మొదలైంది. జబ్బు ముదిరిపోయింది, ఇక నొప్పి తగ్గించడమే మిగిలిందని డాక్టర్లు మార్ఫిన్ మాత్రలు రాశారు. మూడు రోజులు ఆ మాత్రలు అలమరలోనే ఉండిపోయాయి. రాత్రిళ్ళు ఆవిడ మూలుగు పక్కింటికి వినబడేది. నాలుగో రోజు కొడుకు మా దగ్గరికి వచ్చి, “భాయీజాన్, ఇది నషా మందంట. అమ్మీకి ఇస్తే గునా కాదా?” అని అడిగాడు.

వేరే దారి లేని అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్న ఫిఖ్హ్ సూత్రం మదరసా పిల్లలకు కూడా తెలుసు. సరదాకు మత్తు పుచ్చుకోవడం వేరు, వైద్యుడు చెప్పిన మోతాదులో నొప్పికి మందు వాడడం వేరు. వైద్యం చేయించుకోవచ్చా అని ఎడారి అరబ్బులు అడిగినప్పుడు చేయించుకోమనే దైవప్రవక్త (స) చెప్పారు. సబ్ర్ అంటే మందు పక్కన పెట్టుకుని అరవడం కాదు. ఆ మాటే చెప్పి పంపాం. మాత్రలు మొదలయ్యాక ఖాలా నిద్రపోయింది. చివరి రెండు నెలలు కూర్చుని నమాజు చేసుకోగలిగింది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి ఆ ముడులు కొంత వదులు చేశారు. ఎం.ఎన్.జె.లో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగమే ఉంది. చట్టం వదులు చేసిన ముడిని మన ఇళ్ళల్లో మనమే మళ్ళీ బిగిస్తున్నాం.

రోగిని పరామర్శించని వాణ్ణి అల్లాహ్ ప్రళయదినాన నిలదీస్తాడని ఖుత్బాల్లో వింటూనే ఉన్నాం. పండ్లు పట్టుకెళ్ళి పది నిమిషాలు కూర్చుని వస్తే ఆ పరామర్శ పూర్తయినట్టేనా? జుమా నమాజు తరువాత ప్రతి మసీదులో ఒక మనిషి ఓ అరగంట కూర్చోవాలి. ఆసుపత్రి దారి, ఆరోగ్యశ్రీ కాగితాల సంగతి తెలిసినవాడై ఉండాలి, విన్నది బయట చెప్పనివాడై ఉండాలి. స్త్రీల కోసం చదువుకున్న ఒక సోదరి ఇంట్లో అలాంటి ఏర్పాటే కావాలి. 30 ఏళ్ళు దాటిన ఆడవారికి రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయని మన ఆడపిల్లలకు చెప్పేది ఆమే.

మా మసీదు కమిటీలో ఈ మాట ఎత్తితే, నమాజు చోట ఆసుపత్రి సంగతులెందుకన్నారు ఒక పెద్దాయన. వచ్చే జుమాకు మళ్ళీ అడుగుతాం.