గుమ్మం ముందు పలక

"పారిస్ వెళ్ళొచ్చావుటగా, తిండికి ఎంత అవస్థ పడ్డావో ఏమో!" తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఈ మాట అనని వాళ్ళు లేరు. పచ్చళ్ళు పట్టుకెళ్ళావా, కుక్కర్ పట్టుకెళ్ళావా అని అడిగారే గానీ, అక్కడి వంట ఎలా ఉంది అని ఒక్కరూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మావారు ఆఫీసు పని మీద పదిరోజులు పారిస్ వెళ్ళాల్సి వస్తే, పిల్లల్ని మా అమ్మ దగ్గర దింపి నేనూ బయల్దేరాను. మొదటిరోజు సాయంత్రం ఆయన ఫోనులో చుక్కలు లెక్కపెట్టి, ఐఫిల్ టవర్ దగ్గర్లో ఒక హోటల్‌కి తీసుకెళ్ళారు. గుమ్మంలో ఒకతను నిలబడి దారిన పోయేవాళ్ళందర్నీ పిలుస్తున్నాడు. మెనూ ఆరు భాషల్లో ఉంది. ప్రతి వంటకానికీ ఒక రంగుల ఫోటో. పిజ్జా, నూడుల్స్, ఉల్లిపాయ సూపు, కోడి, చేప... పేజీలు తిప్పుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"ఏమండీ, ఇన్ని రకాలు రోజూ వండుతారంటారా?" అన్నాను.

"నాలుగున్నర చుక్కలున్నాయోయ్, ఊరికే ఇస్తారా?" అన్నారాయన.

చికెన్ అంచుల్లో పొగలు కక్కుతోంది, మధ్యలో చల్లగా ఉంది. నిన్నటి కూరని మైక్రోవేవ్‌లో పెడితే ఎలా ఉంటుందో ఏ ఇల్లాలికి తెలీదు చెప్పండి! ఇక బిల్లు సంగతంటారా, రూపాయల్లోకి మార్చి చూసుకోకుండా ఉండాల్సింది.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించాను. మన ఊళ్ళో మంచి మెస్ ఎలా కనిపెడతాం? బోర్డు చూసి కాదు కదా. అక్కడ నాలుగే కూరలుంటాయి. చుట్టుపక్కల బ్యాంకు వాళ్ళు, లాయరు గుమాస్తాలు తింటుంటారు. రెండు దాటాక వెళితే "అయిపోయిందమ్మా" అంటారు. ఇదంతా మనకి తెలిసిన విద్యే. పారిస్‌లో మాత్రం ఎందుకు పనికిరాదు?

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఒక్కదాన్నే బయల్దేరాను. పెద్ద పెద్ద వీధులు వదిలి సందుల్లోకి తిరిగాను. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, అక్కడ ధరల పట్టిక గుమ్మం బయట పెట్టి తీరాలన్నది చట్టం. లోపలికెళ్ళి మొహమాటపడక్కర్లేదు, నిలబడి చదువుకుని వెళ్ళిపోవచ్చు. మంచి చోట్ల ఆ పట్టిక ఒక నల్లపలక మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. మన చిన్నప్పటి పలకలాంటిదే. పొద్దున్న బజారులో ఏం దొరికితే అది వండి, ఏరోజుకారోజు చెరిపి రాస్తారు. మూడు ఆరంభాలు, మూడు కూరలు, రెండు తీపి. ఇంకో గుర్తు కూడా ఉంది. మూకుడు మీద మూతకి బదులు ఇంటికప్పు ఉన్నట్టు ఒక బొమ్మ. అంటే పచ్చి సరుకుతో అక్కడే వండినదని. 2014లో ఈ గుర్తుకి చట్టం చేశారు. ప్యాకెట్లు కత్తిరించి వేడిచేసే హోటళ్ళు ఎక్కువైపోయాయన్న గొడవ నుంచే అది పుట్టింది.

భాష రాదు కదా అంటారేమో. నాలుగు మాటలు చాలు. పూలే అంటే కోడి (పూలు కావు సుమా!), పువాసోఁ అంటే చేప, బఫ్ అంటే గొడ్డుమాంసం, పోర్ అంటే పంది. శాకాహారులు ఒకటికి రెండుసార్లు అడగాలి. ఆకుల సలాడ్‌లో కూడా పంది ముక్కలు కలుపుతారు, ఉల్లిపాయ సూపుకి గొడ్డు ఎముకల రసం వాడటం మామూలే. వాళ్ళ భాషలో 'మెనూ' అంటే ఇంత ధరకి ఇన్ని వంటకాలని కలిపి ఇచ్చే భోజనం. మధ్యాహ్నం అది రాత్రి కంటే చవక. రొట్టె, కుళాయి నీళ్ళు, సర్వీసు ఛార్జీ అన్నీ ఆ ధరలోనే. సీసా నీళ్ళు తెమ్మంటే మాత్రం డబ్బులు. లోపలికి అడుగుపెడుతూ "బోఁజూర్" అనకపోతే మర్యాద తెలీదనుకుంటారు.

ఇన్ని కనిపెట్టాను కదా, తీరా ఒక మంచి పలక దొరికాక లోపలికి వెళ్ళలేకపోయాను. ఆ గుమ్మం ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. భయం ఫ్రెంచి వాళ్ళని చూసి కాదు. పెళ్ళయిన ఈ పదహారేళ్ళలో నేను ఏ హోటల్లోనూ ఒక్కదాన్నే కూర్చుని తినలేదు. షాపింగుకి వెళ్ళి ఆకలితో నకనకలాడుతూ ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకున్న రోజులు ఎన్నో. చేతిలో డబ్బులుండి కూడా! "ఒక్కతే వచ్చిందేమిటి" అన్న చూపుకి జడిసి.

నాలుగోసారి వెళ్ళాను. "ఒక్కరేనా?" అన్నట్టు వేలు చూపించి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోమన్నారు. అంతే. ఎవరూ తలెత్తి చూడలేదు. పక్క బల్ల దగ్గర డెబ్భై ఏళ్ళావిడ ఒక్కర్తే కూర్చుని తీరిగ్గా చేప తింటోంది. నాకు ముందు ఉడికించిన లావుపాటి ఉల్లికాడల్లాంటివి, మీద ఆవాలు, వెనిగర్ కలిపిన పులుసు వచ్చింది. ఆవపెట్టిన కూర గుర్తొచ్చింది. తర్వాత కాల్చిన కోడి, దుంపలు. చివర మన జున్నులాంటి తీపి. అన్నీ వేడివేడిగా, ఒకదాని తర్వాత ఒకటి. నేను లేవలేదు. ఎవరికీ వడ్డించలేదు. బిల్లు ముందురోజు దాంట్లో మూడోవంతు కూడా కాలేదు.

సాయంత్రం ఈ సంగతి చెబితే మావారు నమ్మలేదు. ఆ తర్వాత రోజూ "ఇవాళ ఏ పలకోయ్?" అని నన్నే అడిగారు. 1896లో పెట్టిన బూయోఁ షార్తియే అనే పాత భోజనశాలకి కూడా తీసుకెళ్ళాను. అక్కడ బల్లలు తెలియనివాళ్ళతో పంచుకోవాలి, లెక్కంతా బల్ల మీద పరిచిన కాగితం మీదే రాసి కూడతారు.

చుక్కలన్నాను కదా, అసలు చుక్కల కథ కూడా వినండి. మిషెలిన్ అనే టైర్ల కంపెనీ కార్లున్నవాళ్ళ కోసం 1900లో ఒక గైడు వేసింది, 1926 నుంచి హోటళ్ళకి చుక్కలివ్వడం మొదలుపెట్టింది. లియోఁ నగరంలో యూజెనీ బ్రాజియే అనే ఆవిడ, పదేళ్ళకే తల్లిని పోగొట్టుకుని పొలాల్లో పనిచేసి, పెళ్ళికాకుండానే బిడ్డ తల్లయి, వంటమనిషిగా బతికి, 1921లో సొంత హోటల్ పెట్టింది. 1933లో ఆవిడ రెండు హోటళ్ళకీ మూడేసి చుక్కలొచ్చాయి. ప్రపంచమంతా చెప్పుకునే పోల్ బోక్యూజ్ కూడా ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడే. అయినా మనకి గొప్ప వంటవాళ్ళంటే తెల్లటోపీల మగవాళ్ళే గుర్తొస్తారు. ఇంట్లో గరిట మన చేతిలో, బయట పేరు వాళ్ళకి!

"మేమేం పారిస్ వెళ్తామా, మాకెందుకీ గొడవ" అనకండి. మీ ఊళ్ళో హోటల్‌కయినా ఇదే లెక్క. లిస్టు చిన్నదిగా ఉందా, పక్కవీధి వాళ్ళు తింటున్నారా, మధ్యాహ్నానికల్లా అయిపోతుందా చూడండి. కూర ఎప్పటిదో చెప్పడానికి మీ నాలుక కంటే పెద్ద గైడు లేదు. ఇంట్లో అందరూ మీ వంటకి వంకలు పెట్టేవాళ్ళే గానీ, హోటల్ ఎంచేటప్పుడు మాత్రం మిమ్మల్ని ఎందుకు అడగరు?

ఇంకొక్క మాట. 'రెస్టారెంట్' అన్న పేరు పుట్టింది ఆ పారిస్‌లోనే, రెండొందల యాభై ఏళ్ళ కిందట. నీరసించిన మనిషికి సత్తువ తెచ్చే మాంసరసాన్ని అలా పిలిచేవారట. ఆ తర్వాత అది అమ్మే చోటుకి పేరయింది. పొద్దున్నే లేచి అందరికీ వండిపెట్టి, బజారు పనులకని బయటికొచ్చి ఎండలో అలిసిపోయిన మనిషి కంటే దానికి హక్కుదారు ఇంకెవరు?

పోయిన మంగళవారం బ్యాంకు పనయ్యాక మా వీధి చివర మెస్‌లోకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఒకరిద్దరు చూశారు. చూడనివ్వండి. పప్పుచారు బాగుంది.